ఎడమ చెయ్యి

తాపీ నది ఒడ్డు గుజరాతీ నగరం. అడాజన్ పేటలో ఒక జిమ్ము. పొద్దున పదకొండు దాటింది. ఉధ్నాలో సాంచాల, అంటే మరమగ్గాల, బస్తీలో చాలా ఏళ్ళు ఉండి, ఏడాది కిందట కూతురి ఫ్లాటుకు మారిన వినోదకు ఇవాళ్టి నుంచి ట్రైనర్ మారింది. కొత్తగా చూసుకునే అమ్మాయి, అదే జిమ్ములో పనిచేస్తున్న విజేత.

"ఆ చెయ్యి కాదు మాసీ. ఇంకో చెయ్యి."

"ఈ చేత్తోని అయితది గదా."

"కుడిది పన్నెండుసార్లు అయిపోయింది. ఇప్పుడు ఎడమది. రెండూ బరాబర్ ఉండాలె, హై నా?"

"మల్ల పన్నెండుసార్లు కుడి చేత్తోనే చేస్త. నీకు పన్నెండు గావాలె, గంతే గదా."

"నాకు కాదు మాసీ, మీ ఒంటికి గావాలె."

"నన్ను మాసీ అనకు. తెలుగు పిల్లవే ఉన్నవు. పెద్దమ్మ అను."

"సరే పెద్దమ్మా. ఈ డంబెల్ పట్టుకోన్రి."

"మీది ఏ ఊరు బిడ్డా?"

"ఈ ఊరే. పుట్టింది లింబాయత్‌ల. మా బాపోళ్ళది జగిత్యాల దిక్కు. చూసిన్రా, మాట మార్చిన్రు."

"జగిత్యాల ఏడ? మాది కోరుట్ల కాడనే."

"నేనెప్పుడు పోలే పెద్దమ్మా. పట్టుకోన్రి ముందు. రెండు కిలోలే. నాలుగు పాల ప్యాకెట్లంత."

"పాల ప్యాకెట్లు గూడ కుడి చేత్తోనే తెస్త."

"కూరగాయలు?"

"కుడి చెయ్యి."

"నీళ్ళ బకెటు?"

"కుడి చెయ్యే. ఎన్నిసార్లు చెప్పాలె?"

"మరి పాత ట్రైనర్ ఈ నాలుగు నెలలు ఏం చేపిచ్చింది మీతోని?"

"ఆమె మంచిది. ఏమడుగకపోవు. ఫోన్ చూసుకుంట ఒకటి, రెండు, మూడని లెక్కవెట్టు. పెండ్లయి వాపి ఊరికి పోయింది."

"నేను అడుగుత."

"అడుగుతవు. కనవడ్తనే ఉన్నది."

"నొప్పా? భుజం పట్టేసిందా? ఒక్కసారి పైకి లేపున్రి. ఇంకా. ఇంకా. అరె, పూరా లేస్తుంది గదా! ఏం ప్రాబ్లం లేదు మీ చేతికి."

"నేను ఉన్నదన్ననా?"

"మరి?"

"ఖాళీగుంటె లేస్తది."

"ఖాళీగుంటే అంటే?"

"అండ్ల ఏమన్న వెడ్తెనే. వేళ్ళు వాటంతట అవే ఇచ్చుకుంటయి. చాయ్ గిలాస గూడ నిలువది. నువ్వు గా ఇనుపది వెడ్తివనుకో, కాలు మీద వడ్తది. నా కాలో, నీ కాలో."

"డాక్టర్‌కు చూపిచ్చిన్రా?"

"ముగ్గురికి చూపిచ్చినం. నరాలు మంచిగున్నయన్నరు. బొక్క మంచిగున్నదన్నరు. ఒకాయన గోలీలు రాసిండు, నిద్రకు. చేతికి నొప్పంటె నిద్ర గోలీలేంది, చెప్పు."

"నొప్పి లేదన్నరు గదా ఇప్పుడే."

"లేదు. నొప్పుంటె మంచిగుండు."

"సరే, ఛోడో. డంబెల్ అక్కడ పెట్టేస్త. కొద్దిసేపు నడుద్దాం, రాన్రి."

"గా మిషన్ మీదనా? వద్దు."

"అది గూడ వద్దా?"

"కింద పట్టా గుంజుతది. మనం ముంగటికి అడుగేస్తె, అది ఎనకకు గుంజుతది. అడుగు నిలువది. నాకు నెత్తి తిరుగుతది బిడ్డా."

"స్లోగా పెడ్త."

"స్లోగ గుంజినా గుంజుడే."

విజేత ఆమెను గోడవారన ఉన్న బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి నీళ్ళ సీసా ఇచ్చింది. ఎదురుగా నలుగురైదుగురు కుర్రాళ్ళు బరువులు ఎత్తుతున్నారు.

"పెద్దమ్మా, ఎవరిని చూస్తున్నరు?"

"ఎవ్వలిని జూడలే."

"ఆ నల్ల బనియన్ అతన్ని చూస్తున్నరు. వచ్చినకాంచి మూడుసార్లు చూసిన్రు."

"రోజు వస్తడా?"

"వస్తడు. కాలేజీ. ఎందుకు?"

"ఎన్నేండ్లుంటయి?"

"ఇరవై రెండో, ఇరవై మూడో. మీకు ఎరుకనా?"

"ఎరుకలే. కుడి చెవి ఎనక మచ్చ ఉన్నదా అని చూస్తున్న. నల్లగ, కందిగింజంత."

"ఉందా?"

"లేదు."

"ఎవరికి ఉండాలె పెద్దమ్మా?"

"ఎవ్వలికి లేదు. ఊకె అన్న. నడువు, కాళ్ళయి చేపిస్తవా మల్ల?"

"చేపిస్త. దానికంటే ముందు ఒకటి చూపియ్యాలె మీకు. ఇగో, మీ ఫారం. మీ బిడ్డ ఊర్మిళ నింపింది."

"నాకు ఇంగ్లీషు రాదు. ఏం రాసింది?"

"వినోద, యాభై ఒకటి. షుగర్ లేదు, బీపీ ఉంది. మోకాళ్ళు నొప్పి. కింద మల్ల పెన్నుతోని రాసింది, రెండు గీతలు కొట్టింది."

"ఏమని?"

"ఎడమ చేతికి బరువు ఇయ్యొద్దు. ఎందుకని అడగొద్దు."

"ఏదీ? యాడ రాసింది?"

"ఇక్కడ."

"గట్లనే ఉన్నదా? అడగొద్దని?"

"అట్లనే ఉంది. సారీ పెద్దమ్మా, నేను సదివినాక గూడ అడిగిన. అడగాలెననే అడిగిన."

"దానికెట్ల ఎరుక? నేను ఎన్నడు చెప్పలే. వాళ్ళ బాపు చెప్పడు, ఆయనకే తెల్వదు. దానికి యాదికి లేదు. దానికి ఐదేండ్లు గప్పుడు. ఐదేండ్ల పోరికి ఏం యాదికుంటది?"

"ఏం యాదికి లేదు పెద్దమ్మా?"

"ఏం లేదు."

"నీళ్ళు తాగున్రి."

"నువ్వు రెండువేల ఆరుల ఏడున్నవు?"

"రెండువేల ఆరా? ఎనిమిదేండ్లు నాకు. లింబాయత్‌లనే. వరదలొచ్చిన ఏడు గదా? మా గల్లీల మోకాళ్ళ దాకా వచ్చినయి. స్కూలు బంద్. కాగితం పడవలు..."

"చేసిన్రా?"

"చేసినం."

"చేస్తరు. పిల్లలు గదా. మేము గప్పుడు అమ్రోలి దిక్కుంటుంటిమి. కిందింట్ల. ఆయన ఉధ్నల సాంచల మీద. నది ఈ పక్క నేను, ఆ పక్క ఆయన. నా కాడ ఇద్దరు."

"ఇద్దరా? ఊర్మిళ ఒక్కతే అనుకున్న."

"అందరు గట్లనే అనుకుంటరు."

"తమ్ముడా?"

"తిరుమల. రెండున్నరేండ్లు. మాటలు అప్పుడప్పుడే వస్తున్నయి. ఊర్మిళ అనరాదు వానికి. ఉమ్మి, ఉమ్మి అని పిలుచు."

"పెద్దమ్మా, చెప్పాలనిపిస్తేనే చెప్పున్రి."

"చెప్పాలని ఎందుకనిపిస్తది? నువ్వు ఫారం సదివినవు, నా నోరు ఊకుంటలేదు. పొద్దుగాల పొయ్యి మీద చాయ్ వెట్టిన. గడప మీదికెల్లి నీళ్ళొచ్చినయి. ముందుగాల నవ్వొచ్చింది, ఎవలో బకెటు ఒలకవోసిన్రని. బియ్యం డబ్బ పైకి వెడ్దామని ఆగిన. గంతసేపే. డబ్బ వెట్టి ఎనకకు తిరిగేవరకు నడుముల దాంక."

"అంత జల్దీనా?"

"నడుముల దాంక. పిల్లలు మంచం మీద నిలవడి చూస్తున్నరు. ఎత్తుకున్న. కుడి సంకల ఊర్మిళ, ఎడమ సంకల వాడు. గల్లీ దాటితె ఒక పెద్ద బిల్డింగు. బయటికి ఇనుప మెట్లు. గంతే, ఇరువై అడుగులు. రోజు గాడికే పోయి బట్టలు ఆరేస్తుంటి."

"పక్కింటోళ్ళు ఎవరు లేకుండిరా?"

"ఉన్నరు. పైన మెట్ల మీద ఉన్నరు. చేతులు సాపిన్రు. రా, రా అని ఒర్రుతున్నరు. గుజరాతీల, ఒరియాల, అన్నిట్ల. నీళ్ళ మోతల నాకు వాళ్ళ నోర్లే కనవడ్డయి. గల్లీ నడుమకు రాంగనే కాళ్ళ కింద నేల గుంజుడు మొదలువెట్టింది."

"పెద్దమ్మా..."

"జారిండు."

"చాలు పెద్దమ్మా."

"నీళ్ళు గుంజినయి, జారిండు. ఆయనకు అదే చెప్పిన. మా అత్తకు అదే చెప్పిన. రాసుకపోయిన సర్కారోళ్ళకు అదే చెప్పిన. జారిండని."

"దొరికిండా?"

"దొరుకలే. నాలుగొద్దులకు నీళ్ళు తీసినయి. ఆయన నడుసుకుంట వచ్చిండు. ఇద్దరం బురద తోడినం. మాదే కాదు, గల్లీల అందరిండ్లల్ల తోడినం. ఎవ్వలిదో కుట్టుమిషను దొరికింది, ఎవ్వలియో పెండ్లి ఫోటువలు దొరికినయి. దినం చేద్దామన్నరు మావోళ్ళు. నేను చెయ్యనియ్యలే."

"అందుకేనా ఆ మచ్చ..."

"అందుకే చూస్త. ఎవలన్న పడవల గుంజుకున్నరేమో. పెంచుకున్నరేమో. తాపీ కింది దాంక పోతది, కింద ఎన్ని ఊర్లు లేవు? ఊర్మిళ జిమ్ముకు పో అమ్మా అంటె, యాభై ఏండ్ల ముసలిదానికి జిమ్మేందే అన్న. ఒక్కసారి వచ్చి చూసిన. ఇరవై రెండేండ్లోళ్ళే ఉన్నరు ఈడ. ఇగ దినాం వస్తున్న. మెడలు, చెవులు అన్ని కనవడ్తయి. పిచ్చిదనుకో."

"అనుకోను."

"అనుకో. నాకేమైతది."

వినోద ఫోను మోగింది. చేస్తున్నది కూతురు ఊర్మిళ. వినోద అలవాటుగా స్పీకరు నొక్కి ఫోనును కుడి చేతిలో పట్టుకుంది.

"అమ్మా, అయిపోయిందా? కొత్తామె ఎట్లుంది?"

"మంచిగున్నది. మస్తు మాట్లాడ్తది. నువ్వు తిన్నవా?"

"తిన్న."

"ఏం తిన్నవు?"

"నువ్వు డబ్బల వెట్టిందే."

"డబ్బల ఏం వెట్టిన?"

"పోహా."

"ఉప్మా వెట్టిన."

"ఆ, అదే, ఉప్మా. మీటింగున్నది అమ్మా, వెట్టేస్తున్న. ఆటోల రా, నడువకు."

"ఊర్మిళా... వెట్టేసింది. చూసినవా? దినాం గిదే. డబ్బ ఖాళీ వస్తది సాయంత్రం. ఎవ్వలికి వెడ్తదో, ఏడ వోస్తదో. గట్టిగంటె ఏడుస్తది. ఆఫీసు పని, ఆకలి కాదంటది."

"పెద్దమ్మా, నేను గూడ ఒకటి చెప్పాలె మీకు."

"చెప్పు."

"ఊర్మిళ ఇక్కడికి మీ ఫారం మీద అది రాయడానికే రాలే. పోయిన వారం వచ్చింది. తనకు గూడ ట్రైనింగ్ గావాలన్నది. నేను కాంటా ఎక్కిచ్చిన."

"ఎంతుంది?"

"ముప్పై ఎనిమిది."

"ముప్పై ఎనిమిదా? ఎనిమిదో తరగతిలనే నలభై ఉండె అది!"

"నేను తీసుకోలే. ముందు డాక్టర్ దగ్గరికి పో, తిను, అప్పుడు రా అన్న. తను ఏమన్నదో ఎరుకనా? ముప్పై ఐదుకు రావాలె, చేపియ్యి అన్నది."

"ఎందుకు? ఫోటువలకా? సన్నగ కనవడాల్నని ఆఫీసుల పోరీలందరు గట్లనే..."

"నేను గూడ అదే అనుకున్న. కాదు."

"మరేంది?"

"ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టు వేపిచ్చుకున్నది. ముఖ్యంగ మీకు. అందుకే ఇందాక మీరు చెప్తుంటే ఏం ఎరుకలేనట్టు అడిగిన."

"మరి చెప్తున్నవు?"

"చెప్తున్న. కంప్లెయింట్ పెడ్తే నా నౌకరీ పోతది. పోనియ్యి. దీనికంటే ముందు, వేరే జిమ్ముల, ఇట్లనే ఒకామె నా దగ్గర ఉండె. ఊర్మిళంత వయసే. ఒట్టు వేపిచ్చుకున్నది. నేను మాట నిలవెట్టుకున్న."

"ఏమైంది ఆమెకు?"

"ఇప్పుడు ఆమె సంగతి వద్దు."

"బతికున్నదా?"

"వద్దన్న గదా పెద్దమ్మా."

"సరే. సరే బిడ్డా. ఊర్మిళ ఏమన్నది?"

"మీరు గట్టిగ కూసోన్రి."

"కూసున్న. చెప్పు."

"ఆ రోజు మా అమ్మ మా ఇద్దరిని ఎత్తుకున్నది అన్నది. నేను పెద్దదాన్ని, నేను బరువున్న. నేను జర అల్కగుంటె అమ్మ ఇద్దరిని మోసు. నా బరువుకే అమ్మ పట్టు జారింది, తమ్ముడు పోయిండు అన్నది."

"మల్ల చెప్పు."

"పెద్దమ్మా..."

"మల్ల చెప్పు. ఏమన్నది? నా బరువుకే అన్నదా?"

"నా బరువుకే అన్నది. అప్పట్నుంచి ప్లేటు ముంగట కూసుంటే గొంతు దిగదన్నది. తింటే మల్ల నీళ్ళల్ల ఉన్నట్టు అనిపిస్తదన్నది."

"ఇరవై ఏండ్లు."

"ఊఁ."

"ఇరవై ఏండ్లు నా ముంగటనే కూసున్నది. ఒక్కొక్క మెతుకు గెలుకుకుంట. నేను దానికి యాదికి లేదనుకుంటి. అది నాకు యాదికి రావొద్దనుకున్నది. ఒక్క ఇంట్ల, ఒక్క బల్ల కాడ. దేవుడా."

"పెద్దమ్మా, ఏడిస్తే ఏడువున్రి. ఎవ్వరు చూస్తలేరు."

"ఏడుపు వస్తలేదు. ఫోన్ కలుపు. నువ్వే కలుపు."

"మీటింగ్‌ల ఉన్నదన్నది గదా. సాయంత్రం ఇంటికి వచ్చినాక నిమ్మలంగ..."

"సాయంత్రం దాంక నాకు ధైర్యం ఉండది. కలుపు."

"ఏం చెప్తరు?"

"ఎవ్వలికి చెప్పంది."

"నేను అటు పోతున్న. మీరు మాట్లాడున్రి."

"నువ్వు యాడికి పోకు. ఈడనే కూసో. నువ్వు లేస్తె నేను మల్ల మాట మారుస్త."

విజేత ఫోను కలిపి ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టింది. నాలుగు రింగులకు ఊర్మిళ ఎత్తింది.

"అమ్మా, మీటింగ్‌ల ఉన్న అన్న గదా."

"బయటికి రా."

"పది నిమిషాలు ఆగు, నేనే..."

"బయటికి రా బిడ్డా."

"ఏమైంది? పడ్డవా? ఆగు. వచ్చిన. చెప్పు, మెట్ల కాడున్న. ఏమైంది అమ్మా?"

"పడలే. నేను మంచిగున్న. ఒకటి అడుగుత, నిజం చెప్పు. ఆ పొద్దు నీకు యాదికున్నదా?"

"ఏ పొద్దు?"

"ఏ పొద్దో నీకెరుకే."

"అమ్మా, ఆమె చెప్పిందా? నేను ఒట్టు వేపిచ్చుకున్న. నేను ఇప్పుడే వాళ్ళ ఓనర్‌కు ఫోన్..."

"ఆమెను ఒక్కమాట అన్నవంటె చూడు. నేనడిగినదానికి చెప్పు. నువ్వు ఏం చూసినవు?"

"నేనేం చూడలే."

"ఊర్మిళా."

"నిజంగనే చూడలే అమ్మా. నీ మెడ పట్టుకోని కండ్లు మూసుకున్న. వాసన యాదికున్నది, బురద వాసన. నీ మాట యాదికున్నది."

"ఏమన్న నేను?"

"వద్దమ్మా."

"ఏమన్న?"

"బరువైతున్నవే, జర పైకి జరుగు అన్నవు. జరిగిన. జరుగుడు రాలే నాకు, ఇంకింత గట్టిగ పట్టుకున్న. మల్ల కండ్లు తెరిచేవరకు మెట్ల మీదున్నం. తమ్ముడు లేడు. నువ్వు ఒర్రుతున్నవు. జారిండు, జారిండు అని అందరికి చెప్తున్నవు. నేనే... అమ్మా, నేను పైకి జరగలే. నాకు రాలే."

"ఏడువకు."

"నేను ఏడుస్తలే."

"నేను చెప్పేది పూరా ఇను. నడుమల ఆపకు. ఆపితె మల్ల నాతోని కాదు. మెట్ల దాంక ఇద్దరు నా కాడనే ఉన్నరు. నువ్వు ఉన్నవు, వాడు ఉన్నడు. ఇద్దరిని మోసుకనే వచ్చిన. నువ్వు బరువు లేవు. ఇన్నవా? ఇద్దరిని మోసిన."

"అమ్మా?"

"మెట్ల కాడికి రాంగనే నీళ్ళు నడుములు దాటి గుంజినయి. దేన్నన్న పట్టుకోకపోతె ముగ్గురం పోతుంటిమి. నాకు ఒక చెయ్యి గావాల్సొచ్చింది. నువ్వా, వాడా అని నేను ఎంచలే బిడ్డా. మెట్ల రేలింగు ఎడమ దిక్కున్నది, వాడున్న దిక్కు. వాడు జారలే. నేనే ఇడ్సిన."